గాజా ఎన్ని ఆమడలు?

పాఠ్యభాగములు: ఆదికాండము 26:12–33, అపొస్తలుల కార్యములు 8:26–40

2023 అక్టోబరు మొదలుకొని మన సంఘములలో సమాధానము కొరకు ప్రార్థించు సమయమున గాజా పేరు, యెరూషలేము పేరు తరచుగా వినబడుచున్నవి. కల్లూరు ప్రాంతపు పల్లెలలో దినపత్రిక రాని ఇండ్లలోను సెల్‌ఫోను ద్వారా ఆ యుద్ధపు దృశ్యములు చేరుచున్నవి. ప్రార్థించుట మంచిదే. అయితే ప్రార్థించునప్పుడు ఆ దేశము మన మనస్సులో ఎంత పెద్దదిగా కనబడుచున్నదో ఎవరైనను ఆలోచించితిరా? మనలో అనేకులు దానిని మన రెండు తెలుగు రాష్ట్రములు కలిపినంత దేశమని తలంచుచున్నారు. అట్లు తలంచుట సహజమే. బాల్యమునుండి వినుచున్న పేర్లన్నియు అక్కడివే. రాజులు, సైన్యములు, రథములు, నలువది సంవత్సరముల ప్రయాణములు, పండ్రెండు గోత్రముల స్వాస్థ్యములు, ఇన్నిటికి చోటిచ్చిన దేశము చిన్నదని ఎవరికి తోచును? గ్రంథము పెద్దది గనుక దేశమును పెద్దదే అనుకొందుము.

బైబిలు చివరనున్న పటములు కూడ ఈ పొరపాటును సరిదిద్దవు. అందులో ఆ దేశము పుట నిండ పరచుకొని యుండును. ప్రక్కన మన జిల్లా ఉండదు. ఎన్ని మైళ్లకు ఎంత అని చెప్పు గీత ఒక మూలను చీమతలంత అక్షరములతో నుండును. దానిని చూచువారు అరుదు.

మన తెలుగు బైబిలును అనువదించిన పెద్దలు ఈ కష్టమును ఎరిగినవారే. గ్రీకు మూలములో ఎమ్మాయు యెరూషలేమునకు అరువది స్తాదియల దూరమని యున్నది. స్తాదియ అనగా మన రైతుకు ఏమి తెలియును? వారు దానిని ఆమడ అని వ్రాసిరి (లూకా 24:13). బేతనియ పదునైదు స్తాదియల దూరము; వారు కోసెడు అని వ్రాసిరి (యోహాను 11:18). మన తాతలు ఎద్దులబండి ఎక్కి సంతకు పోయిన లెక్కతోనే ప్రభువు నడిచిన దారిని కొలిచి చూపిరి. ఈ నెల పాఠములో మనమును ఆ పద్ధతినే అనుసరింతము. ఆమడ అనగా నాలుగు కోసులు, ఇప్పటి లెక్కలో సుమారు 12 కిలోమీటర్లు. చోటును బట్టి కొంచెము హెచ్చుతగ్గులు కలవు గాని మన పనికి ఇది చాలును.

ఇంకొక మాట. ఈ వ్యాసములో బైబిలునందలి జనమును ఇశ్రాయేలు అనియు, 1948లో ఏర్పడిన నేటి రాజ్యమును ఇజ్రాయెల్ అనియు వ్రాయుచున్నాము. రెండింటిని వేరువేరు అక్షరములతో వ్రాయుటకు కారణము ముందుకు పోగా తెలియును.

మొదట దేశమంతటిని కొలుచుదము. ఉత్తరపు కొననుండి దక్షిణపు కొనవరకు అని చెప్పుటకు లేఖనములు దానునుండి బెయేర్షెబావరకు అని చెప్పును. ఆ దూరము సుమారు 240 కిలోమీటర్లు, అనగా ఇరువది ఆమడలు. కల్లూరునుండి హైదరాబాదుకు బస్సు దారి ఇంచుమించు అంతే. రాత్రి భోజనము చేసి బస్సెక్కినవాడు తెల్లవారకమునుపే దిగును. దావీదు జనసంఖ్య చేయించిన రాజ్యమునకు కొలతగా చెప్పబడినది ఈ దూరమే! ఇక వెడల్పు, యెరూషలేము మీదుగా సముద్రమునుండి యొర్దానువరకు 80 కిలోమీటర్లు మాత్రమే. మన బస్సు ఖమ్మమునుండి కల్లూరు మీదుగా సత్తుపల్లి చేరునంత దూరము. యొర్దానుకును సముద్రమునకును నడుమనున్న భూమియంతయు, బెయేర్షెబాకు దక్షిణముగా నున్న ఎడారిని కలుపుకొనినను, తెలంగాణ రాష్ట్రములో నాలుగవవంతు.

యొర్దాను విషయమే చూడుడు. గోదావరి ఒడ్డున భద్రాచలమునొద్ద నిలిచినవారు ఆవలి గట్టున మనిషిని గుర్తుపట్టలేరు. యొర్దాను అనేక స్థలములలో మన సాగరు కాలువకంటె పెద్దది కాదు. ఇవతలి గట్టువాడు పిలిచిన అవతలి గట్టువాడు పలుకును. న్యాయాధిపతులు 12వ అధ్యాయములో రేవులను పట్టుకొని, దాటువారిని మాట పలికించి పరీక్షించిరని చదువునప్పుడు గోదావరిని తలంచుకొనినచో ఆ సంగతి అర్థము కాదు.

ఈ కొలతలతో పాత నిబంధనలోని యుద్ధములను మరల చదువవలెను. ఫిలిష్తీయుల పట్టణములు ఐదు: గాజా, అష్కెలోను, అష్డోదు, గాతు, ఎక్రోను. గాజానుండి ఎక్రోను నాలుగామడలు. దావీదు గొల్యాతుతో పోరాడిన ఏలా లోయకు బేత్లెహేమునుండి సుమారు రెండామడలు. అందుచేతనే యెష్షయి తన చిన్న కుమారుని చేతికి వేయించిన ధాన్యము, పది రొట్టెలు, అధిపతికి జున్నుగడ్డలు ఇచ్చి అన్నల క్షేమము తెలిసికొని రమ్మని పంపగలిగెను (1 సమూయేలు 17:17–20). పొలములో పనిచేయు మగవారికి సద్దిమూట పంపినట్లే పంపెను. దావీదు తెల్లవారుజామున లేచి గొఱ్ఱెలను కాపరికి అప్పగించి బయలుదేరెను; యుద్ధపంక్తులు తీరుచున్న వేళకు అక్కడ నుండెను. యుద్ధము జరుగుచోటు గొఱ్ఱెలదొడ్డికి ఒక్క పూట నడక అన్నమాట. ఆ తండ్రి కునుకు పట్టని రాత్రులు ఎన్ని గడిపెనో మనము ఊహింపవలెను.

ఇంతకంటె తెలియజెప్పు సంగతి 1 సమూయేలు 6వ అధ్యాయములో కలదు. దేవుని మందసమును ఫిలిష్తీయులు క్రొత్త బండిమీద నుంచి, కాడి మోయని పాడియావులు రెంటిని కట్టి, దూడలను ఇంట నుంచి, త్రోలక విడిచిరి. ఆవులు అరచుచు తిన్నగా బేత్షెమెషు పోయెను. పశువులు కాచినవారికి ఇది ఎంత ఆశ్చర్యమో చెప్పనక్కరలేదు. దూడను విడిచిన పాడియావు పది బారలు పోవకమునుపే వెనుకకు తిరుగును. మన పాఠమునకు కావలసినది ఆ దూరము. ఎక్రోనునుండి బేత్షెమెషు ఒక ఆమడ. ఫిలిష్తీయుల సర్దారులు ఐదుగురు వెంట నడిచి, సరిహద్దువరకు వచ్చి, జరిగినది చూచి, ఆ దినమే ఎక్రోనునకు తిరిగి వెళ్లిరి (6:16). రెండు శత్రుజనముల నడుమ దూరము బండి కట్టి పోయి రాదగినంతే. బేత్షెమెషువారు ఆ సమయమున లోయలో గోధుమ చేను కోయుచుండిరి. ఒక జనము కోతకోయు పాట రెండవ జనము చెవిని పడునంత సమీపము అది.

మన ప్రభువు సంచరించిన దారులను క్లుప్తముగా చెప్పెదము, ఇవి మీకు తెలిసినవే. నజరేతునుండి కపెర్నహూము రెండున్నర ఆమడలు. గలిలయ సముద్రము పొడవు 21 కిలోమీటర్లు, రెండామడలు కూడ నిండదు. నజరేతునుండి యెరూషలేమునకు నడకదారి ఖమ్మమునుండి భద్రాచలమునకు రోడ్డుమీద పోయినంత. శిశువుగా ఐగుప్తునకు తీసికొనిపోబడిన ప్రయాణము తప్ప ఆయన జీవితమంతయు, 2016కు పూర్వము మన పాత ఖమ్మము జిల్లా యెంత యుండెనో ఇంచుమించు ఆ మేరలోపలనే గడిచెను. లోకరక్షకుడు ఒక జిల్లాలో తిరిగెను అని బిడ్డలకు చెప్పినచో వారు మరువరు.

ఇప్పుడు మొదటి పాఠ్యభాగమునకు వత్తము. ఇస్సాకు గెరారులో నివసించెను. గెరారు గాజాకును బెయేర్షెబాకును నడుమనున్న సీమ. ఆదికాండము 10:19 గెరారు పేరును గాజా పేరును ఒక్క చోటనే చెప్పును. అతడు విత్తనము వేసి నూరంతల ఫలము పొందెను, మందలు వృద్ధియాయెను. ఫిలిష్తీయులు అసూయపడి అతని తండ్రి త్రవ్వించిన బావులను మన్నుపోసి పూడ్చిరి. రాజే పిలిచి, నీవు మాకంటె బలిసితివి, ఇచ్చటనుండి పొమ్మనెను. ఇస్సాకు లోయలోనికి దిగి బావి త్రవ్వించగా గెరారు కాపరులు నీళ్లు మావి అని జగడమాడిరి. దానికి ఏశెకు అని పేరు. జగడము అని అర్థము. మరియొకటి త్రవ్వించెను. దానికొరకును జగడమే, పేరు శిత్నా, విరోధము. అతడు అక్కడనుండి లేచిపోయి మూడవ బావి త్రవ్వించెను. దానికొరకు ఎవరును జగడమాడలేదు. అతడు దానికి రహెబోతు అని పేరు పెట్టెను. ఆ మాటకు ఎడము అని అర్థము, విశాలమైన చోటు.

గట్టు తగాదాలు తెలియని సంఘము మన సీమలో లేదు. సాగరు ఎడమ కాలువ క్రింద సేద్యము చేయువారు చివరి భూములకు నీరు అందని యేట తూమునొద్ద ఏమి జరుగునో ఎరుగుదురు. దూరపు ఊరివానితో మనకు తగాదా ఎక్కడిది? పొలము ప్రక్క పొలమువాడే, బావి ప్రక్క బావివాడే. ఇస్సాకు కథ చదివి అతని శాంతస్వభావమును మెచ్చుకొందుము. మెచ్చుకొనవలసినదే. అయితే ఈ అధ్యాయములో మరియొక సంగతిని సామాన్యముగా దాటిపోవుచున్నాము. ఇస్సాకు లేచిపోవుటకు చోటుండెను. మొదటి బావి విడిచినచో రెండవది, రెండవది విడిచినచో మూడవది. ముందు భూమి ఖాళీగా నుండెను. ఎడము దొరికిన తరువాతనే పగ చల్లారి అబీమెలెకు వచ్చి విందారగించి ప్రమాణము చేసెను (26:26–31). అదే సీమలో ఎడము లేక పోయినచో ఏమగును? నేటి గాజా అదియే.

ఈ గాజా పట్టీ ఎట్లు ఏర్పడెనో నాలుగు మాటలలో చెప్పవలెను, ఏలయనగా బైబిలు కాలపు గాజా ఒక పట్టణము, నేటి గాజా ఒక పట్టీ. 1948 యుద్ధమున తమ ఊళ్లు విడిచి పారిపోయిన పాలెస్తీనావారు సుమారు రెండు లక్షలమంది గాజా చుట్టునున్న భూమిలో తలదాచుకొనిరి. అప్పటివరకు అచ్చట నివసించువారు ఒక లక్షకు లోపే. 1949 ఫిబ్రవరి 24న ఐగుప్తు, ఇజ్రాయెల్ రాజ్యములు రోడ్సు ద్వీపములో ఒప్పందము చేసికొని, సైన్యములు ఎక్కడ ఆగెనో రమారమి అక్కడనే గీత గీసిరి. ఆ గీతకు లోపలిదే గాజా పట్టీ. తమ పొలములు గీతకు అవతల, తాము ఇవతల. ఎత్తుగా నున్న చోట నిలిచినచో కొందరికి తమ పాత ఊరి దిక్కు కనబడును. 1967 వరకు, నడుమ కొద్దికాలము తప్ప, ఐగుప్తు దానిని ఏలెను, తరువాత ఇజ్రాయెల్. 2005లో ఇజ్రాయెల్ తన సైనికులను, కాపురస్థులను తీసివేసెను. 2007లో హమాసు సంస్థ అధికారము చేజిక్కించుకొనగా ఇజ్రాయెల్, ఐగుప్తు రాకపోకలను బిగించెను.

ఆ పట్టీ పొడవు 41 కిలోమీటర్లు. గ్రద్ద కల్లూరునుండి ఖమ్మమునకు తిన్నగా ఎగిరినచో ఇంచుమించు అంతే పోవును. మూడున్నర ఆమడలు. వెడల్పు 6 మొదలు 12 కిలోమీటర్లు: అరామడనుండి ఆమడ. వైశాల్యము 365 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఖమ్మము జిల్లా 4,361 చదరపు కిలోమీటర్లు. జిల్లా 2016లో చిన్నదైనప్పుడు దానికి 21 మండలములు వచ్చినవి. సగటున చూచినచో గాజా రెండు మండలములంత కూడ కాదు. జనము మాత్రము ఇరువది లక్షలకు పైగా. ఈ మేరకు ఖమ్మము జిల్లా జనము 2011 లెక్కలో పదునాలుగు లక్షలు.

అంకెలు చెప్పినచో విని మరచెదరు గనుక సండే స్కూలు ఉపాధ్యాయులకు ఒక ఉపాయము చెప్పెదము. మందిరపు ఆవరణములో సున్నముతో గీతలు గీయుడు. ఒక నడక అడుగును ఒక ఆమడగా నెంచుడు. దానునుండి బెయేర్షెబాకు ఇరువది అడుగులు. యెరూషలేమునుండి గాజాకు ఆరున్నర. పట్టీకి మూడున్నర అడుగుల పొడవు, సగము అడుగునుండి ఒక అడుగు వెడల్పు గీత గీసి, అందులో ఇరువదిమంది బిడ్డలను నిలువుమనుడు. ఒక్కొక్క బిడ్డ ఒక లక్షమంది. తరువాత ప్రక్కన అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గడి గీయుడు. అది మన ఖమ్మము జిల్లా. అందులో పదునలుగురు బిడ్డలను కూర్చుండబెట్టుడు. మొదటి గీతలో బిడ్డలు ఒకరిమీద ఒకరు పడి నవ్వుదురు, కొందరు గీత దాటుదురు. గీత దాటకూడదు అని చెప్పి, ఒక్క కీర్తన పాడునంతసేపు అట్లే నిలువనిచ్చినచో పాఠము సగము పూర్తియైనట్లే.

ఇక యుద్ధపు సంగతి. 2023 అక్టోబరు 7న, శనివారము ఉదయమున, హమాసు యోధులు కంచె తెంచుకొని ఇజ్రాయెల్‌లోని ఊళ్లమీద పడి సుమారు 1,200 మందిని చంపి 251 మందిని చెరపట్టుకొనిపోయిరి. ముసలివారు, పసిబిడ్డలు, ఒక సంగీతోత్సవమునకు వచ్చిన యౌవనులు అందులో నుండిరి. కంచెనుండి స్దెరోతు పట్టణము కోసెడు దూరము కూడ లేదు. అక్కడివారికి గాజానుండి రాకెట్టు వచ్చుచున్నదని సైరను మ్రోగిన తరువాత దాగుటకు పదునైదు సెకనులే వ్యవధి. ప్రభువు ప్రార్థనను నిదానముగా చెప్పువాడు సగము చేరకమునుపే గడువు తీరును. ఇరుకు కంచెకు రెండు వైపులను భయము పుట్టించునని దీనివలన గ్రహింపవచ్చును.

అక్టోబరు 13న గాజా ఉత్తరభాగములోని పదకొండు లక్షలమందిని ఇరువదినాలుగు గంటలలో వాగుకు దక్షిణముగా పొమ్మని ఇజ్రాయెల్ సైన్యము ఆజ్ఞాపించెను. దూరము పెద్దదేమియు కాదు. కల్లూరునుండి ప్రక్క మండలమునకు పోయినంత. చిన్న దూరము గనుక సులభమని తోచవచ్చును. అయితే పదకొండు లక్షలమంది, రోగులు, బాలింతలు, ఒక్క దినములో, రెండే దారులమీద! 2024 ఆరంభమునాటికి పదిలక్షలకు పైగా జనము దక్షిణపు కొననున్న రఫా సీమలో గుడారములు వేసికొనిరి. ఆ సీమ మొత్తము 65 చదరపు కిలోమీటర్లకు లోపు. ఆ యేడు మే నెలలో యుద్ధము అక్కడికిని రాగా వారు మరల ఉత్తరముగా కదలిరి. పారిపోవుట అను మాటకు మనకు తెలిసిన అర్థము అక్కడ వర్తింపదు. వారు ఏశెకునుండి శిత్నాకు, శిత్నానుండి ఏశెకునకు తిరుగుచుండిరి. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ ఒప్పందము జరుగునాటికి గాజా ఆరోగ్యశాఖ లెక్కలో మృతులు అరువదియేడు వేలకు పైబడిరి.

పారిపోయి వచ్చినవారిని మన సీమ చూడలేదా? చూచినది. 2005 జూనులో ఛత్తీసుగఢు రాష్ట్రపు దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం ఆరంభమైన తరువాత, అక్కడి కోయ కుటుంబములు వేలాదిగా శబరి, గోదావరి ప్రక్కనున్న అడవులలోనుండి మన వైపునకు వచ్చిరి. మనవారు వారిని గొత్తికోయలు అనుచున్నారు. ఒక వైపున సల్వాజుడుం, మరియొక వైపున మావోయిస్టులు. నడుమ ఊరు కాలినది. నెత్తిన కుండ, చంకను బిడ్డ, చేత కోడి. భద్రాచలము, చింతూరు, చర్ల అడవులలో వెదురు తడికెలు వేసికొనిరి. 2011 జులైలో సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినను అనేకులు వెనుకకు పోలేదు. వారికిక్కడ భూమిపై హక్కు లేదు, అటవీశాఖవారితో చిక్కులు, వైద్యమునకు దూరము. వారి బ్రదుకు సుఖమని మేము చెప్పుట లేదు. అయినను వారి వెనుక అడవి యుండెను, ముందు అడవి యుండెను. రెండు మూడు దినములు నడిచినచో తుపాకి చప్పుడు వినరాని చోటు దొరికెను. గాజావారికి పడమట సముద్రము, మిగిలిన దిక్కుల కంచె. మూడు దినములు నడుచుటకు అక్కడ నేల లేదు.

ఈ కొలతలు ఎరిగిన తరువాత మన మధ్య వ్యాపించుచున్న ఒక బోధను గూర్చి చెప్పక తప్పదు. గాజావారు ఫిలిష్తీయులనియు, వారి నాశనము ప్రవచనములలో వ్రాయబడియున్నదనియు, కాబట్టి దుఃఖింప పనిలేదనియు చెప్పువారు కొందరు కలరు. ఆ ఫోను ప్రసంగములు మన పల్లెలకును వచ్చుచున్నవి. జెఫన్యా, ఆమోసు గాజాను గూర్చి ప్రవచించినది సత్యము. ఆ ఫిలిష్తీయులమీదికి బబులోను రాజు నెబుకద్నెజరు వచ్చెను, క్రీ.పూ. 604లో అష్కెలోను పాడాయెను. అటుతరువాత ఫిలిష్తీయులు ప్రత్యేక జనముగా చరిత్రలో కనబడరు. నేటి గాజావారు అరబ్బీ మాటలాడు జనము, అధికులు ముసల్మానులు, కొద్దిమంది క్రైస్తవులు. అట్లే నేటి ఇజ్రాయెల్ రాజ్యము చేయు ప్రతి పనిని లేఖనముల ఇశ్రాయేలు పేరిట మెచ్చుకొనుటయు, యూదులమీది ద్వేషమును ప్రవచనములో దాచుటయు రెండును తగవు. ఇందుకే రెండు విధములుగా వ్రాసితిమి. మూడున్నర ఆమడల నేలమీద ఇరువది లక్షల ప్రాణములు చిక్కుకొనియుండగా, కంచె అవతలి తల్లి పదునైదు సెకనులలో బిడ్డనెత్తుకొని పరుగెత్తుచుండగా, లెక్కలు సరిపోయినవని సంతోషించువాడు ఏ వాక్యమును చదివెనో మాకు తెలియదు.

మరి అది మనకు సంబంధము లేని నేల అని కూడ తలంపరాదు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణమును పట్టుకొనిన అశ్వదళ బ్రిగేడులో జోధ్‌పూరు, మైసూరు దళములతో కూడ నిజాముగారి హైదరాబాదు లాన్సర్లు అను రౌతుల దళము చేరియుండెను. ఖమ్మము, మధిర ప్రాంతములు అప్పుడు ఆ రాజ్యములోనివే. 1956 మొదలు 1967 వరకు ఐక్యరాజ్యసమితి పక్షమున గాజాలో కావలి కాచినవారిలో భారత సైనికులు అనేకులు; 1967 జూను యుద్ధపు మొదటి దినములలో వారిలో కొందరు ప్రాణములు విడిచిరి.

రెండవ పాఠ్యభాగములో ఫిలిప్పు నడిచిన దారి మన కొలతలో ఇట్లున్నది. యెరూషలేమునుండి గాజాకు దిగు దారి ఆరున్నర ఆమడలు. ప్రభువు దూత అతని పొమ్మనినది అరణ్యమార్గమునకు. అక్కడ రథముమీద ఐతియొపీయుడైన నపుంసకుడు యెషయా గ్రంథము చదువుకొనుచుండెను. బాప్తిస్మము తరువాత ఫిలిప్పు అజోతులో, అనగా పాత అష్డోదులో కనబడెను. అక్కడనుండి కైసరయవరకు ఏడామడల పైచిలుకు పట్టణములన్నిటిలో సువార్త ప్రకటించుచు పోయెను. ఆ తీరపు పట్టణములు ఈ విధముగా సువార్త వినెను. గాజాలో సంఘము నాలుగవ శతాబ్దమునుండి నిలిచియున్నది. అప్పటి బిషపు పొర్ఫీరి పేరిట నేటికిని అక్కడ ఒక దేవాలయము కలదు. యుద్ధమునకు ముందు గాజాలో క్రైస్తవులు వేయిమంది మాత్రమే. 2023 అక్టోబరు 19 రాత్రి ఆ దేవాలయపు ఆవరణముమీద బాంబు పడి, తలదాచుకొనిన కుటుంబములలో అనేకులు మరణించిరి.

దానికి సమీపముననే అల్ అహ్లీ అను ఆసుపత్రి కలదు. 1882లో దానిని స్థాపించినది చర్చి మిషనరీ సొసైటీ, మన పెద్దలు సి.ఎం.ఎస్. అని పిలిచిన సొసైటీయే. 1841లో బందరుకు నోబెలు, ఫాక్సు దొరలను పంపినదియు, 1860లలో దుమ్ముగూడెములో కోయల మధ్య పని ఆరంభించినదియు, ఖమ్మములో పనిచేసినదియు అదే. ఆ సంవత్సరములలో లండను కార్యాలయమునకు దుమ్ముగూడెమునుండి ఒక ఉత్తరము, గాజానుండి ఒక ఉత్తరము చేరుచుండెను. 1954 మొదలు కొంతకాలము ఆ ఆసుపత్రిని దక్షిణ బాప్తిస్టు మిషనువారు నడిపిరి. తరువాత అది యెరూషలేము ఆంగ్లికను అధ్యక్ష మండలము చేతికి తిరిగి వచ్చెను. మతభేదము లేకుండ అందరికిని వైద్యము చేయుచుండెను.

2023 అక్టోబరు 17 రాత్రి, పొమ్మన్న ఆజ్ఞ విని ఇండ్లు విడిచిన కుటుంబములు ఆ ఆసుపత్రి ముంగిట పరుండియుండగా ప్రేలుడు జరిగి అనేకులు చనిపోయిరి. అది ఎవరివలన అనుదానిని గూర్చి ఇరుపక్షములవారు వేర్వేరుగా చెప్పిరి. 2025 ఏప్రిల్ 13న, మట్టల ఆదివారము తెల్లవారకమునుపు, ఇజ్రాయెల్ విమానములు దానిమీద మరల బాంబులు వేసెను. హమాసువారు దానిని స్థావరముగా వాడుకొనిరని ఇజ్రాయెల్ చెప్పెను. ముందుగా హెచ్చరిక రాగా రోగులను మంచములతో కూడ వీధిలోనికి తెచ్చిరి. ఆ కదలికలో ఒక బాలుడు మరణించెనని అధ్యక్ష మండలమువారు తెలిపిరి. మన పిల్లలు ఈతమట్టలు పట్టుకొని మందిరము చుట్టు తిరిగిన ఆదివారము అదియే. ఆ ఆసుపత్రి గుమ్మమునొద్ద నిలిచినచో పడమట సముద్రపు ఒడ్డు ఇంచుమించు ఒక కోసు, తూర్పున కంచె కోసు పైచిలుకు.